ఆర్తుని ధైర్యము – మహమ్మారి నాళ్ళలో హృదయ చికిత్స

గడివేముల, నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతముల వైష్ణవ గృహస్థులకు అహోబిల నారసింహుడు ఇలవేల్పు. ఆళ్ళగడ్డనుండి ఇంచుమించు పాతిక కిలోమీటర్లు పోయినచో దిగువ అహోబిలమున ప్రహ్లాదవరదుని దర్శనము లభించును. ఆ గృహస్థులకే గుండె జబ్బు సోకినప్పుడు చేయవలసిన ప్రయాణము వేరు. మొదట నంద్యాలకు, అచ్చట సాధ్యముగాని చికిత్సకు కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలకు, లేదా తిరుపతికి, హైదరాబాదునకు పోవలసియుండును. 2020 మార్చి మాసమున ఈ రెండు ప్రయాణములును ఒక్కమారుగా నిలిచిపోయినవి. ఆ నెల 11వ తేదీన కోవిడ్ వ్యాధిని ప్రపంచ ఆరోగ్యసంస్థ మహమ్మారిగా ప్రకటించినది. 20వ తేదీన తిరుమలలో భక్తులకు దర్శనము నిలిపివేయబడినది. 25వ తేదీనుండి దేశమంతటను లాక్‌డౌన్ అమలైనది. నాటికి నంద్యాల ఇంకను కర్నూలు జిల్లాలోనిదే. ఏప్రిల్ మాసమున రాష్ట్రమునందు వ్యాధి ఎక్కువగా కనబడిన జిల్లాలలో కర్నూలు మొదటి వరుసలో నుండెను.

బండ్లు నిలిచినవి, బజారులు మూతపడినవి. గుండె జబ్బునకు మాత్రము సెలవు లేదు. అయినను ఆ నాళ్ళలో వైద్యశాలకు వచ్చిన గుండెపోటు రోగుల సంఖ్య దేశమున సుమారు మూడవవంతు తగ్గినట్లు హృద్రోగ వైద్యులు సేకరించిన లెక్కలు తెలుపుచున్నవి. జబ్బు తగ్గలేదు, వచ్చువారు తగ్గిరి. వైద్యశాలకు పోయినచో కోవిడ్ అంటుకొనునను భయము కొందరిది. వాహనము దొరకని కష్టము కొందరిది. ‘గ్యాసు నొప్పియే కదా, తెల్లవారిన తర్వాత చూతము’ అని వాము నమలి పరుండినవారును కలరు. గుండె కండరమునకు రక్తమునందించు నాళము మూసికొనిపోయినప్పుడు నిమిష నిమిషమునకు కండరము కొంత కొంత నశించుచుండును. తొలి గంటలలో నాళమును తెరిపించిన ఫలము మరునాడు తెరిపించిన రాదు. మహమ్మారి వలన కలిగిన నష్టములో ఈ ఆలస్యము వలన కలిగినది కొంత కలదు. అది కోవిడ్ మృతుల లెక్కలో చేరలేదు.

ఇట్టి సమయమున భక్తుడైనవాడు ఏమి చేయవలెననుటకు అహోబిల క్షేత్రమునకు సంబంధించిన కథయందే ఒక పాఠము కలదు. భాగవతము సప్తమ స్కంధమున ప్రహ్లాదుడు నృసింహుని స్తుతించుచు మూడు దృష్టాంతములు చెప్పినాడు. భగవంతుడు ఉపేక్షించిన శిశువునకు తల్లిదండ్రులు రక్ష కారనియు, రోగికి మందు రక్ష కాదనియు, సముద్రమున మునుగువానికి పడవ రక్ష కాదనియు ఆ శ్లోకముయొక్క తాత్పర్యము. దీనిని పైపైన చదివి ‘మందుతో పనియేమి, స్వామి చూచుకొనును’ అని వైద్యమును మానుకొన్నవారు మహమ్మారి కాలమున కనబడిరి. అది శ్లోకార్థము కాదు. తల్లిదండ్రులు అక్కరలేదని శిశువును వీధిలో విడుచువాడు ఎవడును లేడు. పడవ అక్కరలేదని సముద్రములోనికి నడచువాడును లేడు. మూడు దృష్టాంతములు ఒకే త్రాటికి కట్టబడినవి. నడిమిదానిని మాత్రము విడదీసి వేరొక అర్థము చెప్పుట వ్యాఖ్యాన మర్యాద కాదు. తల్లియు, మందును, పడవయు ఆయన రక్షించు ద్వారములు. ద్వారమే యజమానుడని భ్రమింపరాదనుట ప్రహ్లాదుని మాట. ద్వారమును మూసికొనుమని ఆతడు చెప్పలేదు.

ఇందుకు వైద్యశాస్త్రమునందే గొప్ప సాక్ష్యము కలదు. చరక సంహితలో జ్వర చికిత్సను చెప్పు అధ్యాయమున విష్ణు సహస్రనామ స్తుతి జ్వరములను పోగొట్టునని చెప్పబడినది. వైష్ణవ గృహములలో ఈ మాట ప్రసిద్ధము. అయితే అదే అధ్యాయమున గంజులు, కషాయములు, సిద్ధము చేసిన నేతులు, లంఖనము, పథ్యము ఎంత విస్తారముగా చెప్పబడినవో చూచినవారు తక్కువ. సహస్రనామము చెప్పిన ఋషియే కషాయపు తూకమును చెప్పినాడు. శ్రీ వేదాంత దేశికులు తిరుప్పుట్కుళి గ్రామమున జ్వరపీడ వ్యాపించినప్పుడు ప్రజల బాధ తొలగుటకై సుదర్శనాష్టకమును రచించిరని సంప్రదాయము. 2020లో ఎన్నో గృహములలో దాని పారాయణము జరిగినది, జరుగవలసినదే. పారాయణము చేయు ఇంటిలో బీపీ మాత్ర వేళకు వేసికొనకుండుటకు మాత్రము ఆ స్తోత్రము కారణము కారాదు.

చరకుడు చికిత్సకు నాలుగు పాదములు చెప్పినాడు: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. ఒక్కొక్క పాదమునకు నాలుగేసి గుణములు. వైద్యుని గుణములు, ఔషధ గుణములు రోగి చేతిలో లేవు గనుక వాని నిక్కడ విడువవచ్చును. రోగికి చెప్పిన గుణములు ఇవి: స్మృతి, నిర్దేశకారిత్వము, అభీరుత్వము, జ్ఞాపకత్వము. ఇందు ‘జ్ఞాపకత్వము’ అనునది తెలుగున మనము వాడు ‘జ్ఞాపకము’ కాదు. జ్ఞాపకమునకు ‘స్మృతి’ ముందే చెప్పబడినది. జ్ఞాపకత్వమనగా తెలియజేయుట; తన రోగమును తాను దాచక వైద్యునకు ఎరిగించుట. హృద్రోగ విషయమున ఈ గుణమే అన్నిటికంటె ముందు కావలసినది.

ఏలయన, గుండె జబ్బు అందరికిని ఒకే విధముగా కనబడదు. రొమ్ము నడుమ బరువు పెట్టినట్లుండుట, ఎడమ చేతికి గాని దవడకు గాని నొప్పి పాకుట, చెమటలు పోయుట ఎక్కువగా చెప్పు లక్షణములు. మధుమేహము గలవారికిని, వృద్ధులకును, స్త్రీలలో పలువురికిని నొప్పి లేకయే ఆయాసము, వాంతి, నీరసము మాత్రమే కనబడవచ్చును. కోవిడ్ నందును ఆయాసమే ముఖ్య లక్షణమగుటచేత ఏది ఏదో తెలియని చిక్కు ఏర్పడినది. ఆయాసమనగానే కోవిడ్ అని ఇంటిలో ఒక గదిలో ఒంటరిగా నుంచబడిన వృద్ధునకు గుండె జబ్బే కావచ్చును. కోవిడ్ వచ్చినవారికి రక్తము గడ్డకట్టు స్వభావము పెరిగి గుండెపోటు రావచ్చును. రెండును కలిసియు ఉండవచ్చును. దీనిని తేల్చువాడు వైద్యుడు. తేల్చుటకు వలయు మాటలు చెప్పవలసినవాడు రోగి. కోడలికి కష్టము, కుమారునకు ఖర్చు అని నొప్పిని కడుపులో దాచుకొను పెద్దలు మన ఇండ్లలో కలరు. అది సహనముగా ఎంచబడుచున్నది. చరకుని లెక్కలో అది చికిత్సకు ఒక పాదము విరుగుట. ఎప్పుడు మొదలైనది, ఎంతసేపున్నది, ఏయే మాత్రలు వాడుచున్నారు, ఏవి మధ్యలో మానిరి, కోవిడ్ ఎప్పుడు వచ్చినది, మూత్రపిండముల జబ్బు కలదా, ఏ మందైనను పడలేదా – ఈ సంగతులు ఒక కాగితముపై వ్రాసి మాత్రల చీటితో జేబులో ఉంచుకొనుట మంచిది. 108కి ఫోను చేయునది ఎవరైనను ఆ కాగితము మాటాడును.

నిర్దేశకారిత్వమనగా చెప్పినట్లు చేయుట. మూసికొనిన నాళమును మణికట్టు వద్దనుండి గాని తొడ మొదటినుండి గాని సన్నని గొట్టము పంపి తెరచి, లోహపు వలవంటి స్టెంటును అమర్చుదురు. రోగి ఒకటి రెండు దినములలో ఇంటికి వచ్చును. అంత త్వరగా వచ్చుటచేతనే జబ్బు కుదిరినదని తలచును. ఆ స్టెంటులో రక్తము గడ్డకట్టకుండ ఆస్పిరిన్‌తోపాటు మరియొక మాత్రను నెలల తరబడి, తరచుగా ఒక సంవత్సరము, వైద్యుడు చెప్పినంత కాలము వాడవలెను. లాక్‌డౌన్ నాళ్ళలో మందుల దుకాణములు తెరచియే ఉండెను గాని పల్లెనుండి పట్టణమునకు పోవుటయే కష్టమయ్యెను. మాత్రలు అయిపోయినవని వారము దినములు ఊరకున్న వారికి స్టెంటు మూసికొను అపాయము కలదు. లోహపు కవాటము అమర్చబడినవారి స్థితి ఇంకను సున్నితమైనది. వారు వార్ఫరిన్ మాత్ర జీవితాంతము వాడవలెను. మోతాదు సరిపోయినదా యని ఐ.ఎన్.ఆర్. అను రక్తపరీక్ష తరచుగా చేయించుకొనవలెను. ఆకుకూరలు ఈ మందు పనిని తగ్గించును. గోంగూర గాని తోటకూర గాని ఒక వారము పూర్తిగా మాని, మరు వారము పూటపూటకు తినినచో మోతాదు తలక్రిందులగును. వైద్యులు కోరునది ఆకుకూరలు మానుట కాదు; ఎప్పుడును ఒకే తీరున తినుట.

ఇక అభీరుత్వము. భయము లేకుండుట యనగా అపాయము నెరుగకుండుట కాదు. ఏమి జరుగవచ్చునో ఎరిగి నిలుచుట. తొడ వద్ద గొట్టము పెట్టిన చోట కమిలి నల్లబడుట సామాన్యము. అది ఉబ్బుచు పెరిగినచో మాత్రము వెంటనే చెప్పవలెను. పరీక్షలో వాడు రంగు మందు మూత్రపిండములకు భారము కలిగింపవచ్చును గనుక ముందే రక్తపరీక్ష చేయుదురు. రొమ్మెముకను తెరచి చేయు బైపాసు శస్త్రచికిత్స తరువాత రెండవ దినము మొదలు నాలుగవ దినములోపల గుండె లయ తప్పి కొట్టుకొనుట పలువురిలో, నలుగురిలో ఒక్కరికి తక్కువ కాకుండ, కనబడును. మందులతో ఎక్కువమందికి అది సర్దుకొనును. ముందుగా తెలిసిన ఇంటివారు ‘శస్త్రచికిత్స చెడినది’ అని గుండెలు బాదుకొనరు. ఎముక అతుకుటకు ఆరునుండి ఎనిమిది వారములు పట్టును. అంతవరకు బిందె ఎత్తరాదు, బండి నడుపరాదు.

మరియొక చిక్కు కలదు. దానిని ఎవరును ముందుగా చెప్పరు గనుక ఇక్కడ కొంత విస్తరించుట అవసరము. శస్త్రచికిత్స జరిగిన వృద్ధులలో కొందరు ఐ.సి.యు.లో రెండు మూడు దినములు మతి తప్పినట్లు మాటాడుదురు. రాత్రియో పగలో తెలియదు. లేనివారిని పిలుతురు, గొట్టములు లాగివేయబోవుదురు, కన్న కుమారునే గుర్తింపక కసరుదురు. మత్తుమందు, నిద్రలేమి, నొప్పి, కొత్త చోటు ఇన్నియు దీనికి కారణములు. కోవిడ్ నాళ్ళలో బంధువులను లోనికి రానీయనందునను, చుట్టునున్నవారందరు ముఖమునకు ముసుగులు, ఒంటికి తెల్లని కవచములు ధరించి ఒకే రూపున కనబడినందునను ఈ బాధ హెచ్చినది. పిచ్చి పట్టినదని, గాలి సోకినదని భయపడి తాయెత్తులకు పరుగెత్తిన కుటుంబములును కలవు. ఇది తెలిసిన స్థితియే. పెక్కుమందిలో కొన్ని దినములకు దానంతట తగ్గును. కళ్ళజోడు, చెవి మిషను నర్సుచేతికి పంపుట, సెల్‌ఫోనులో ఇంటివారి మాట వినిపించుట, ‘నాయనా, ఈ దినము శనివారము, నీవు కర్నూలులో ఉన్నావు, నేను బయటనే ఉన్నాను’ అని మెల్లగా చెప్పుట దీనికి మంచి ఉపాయములు. రోగి నిత్యము వినెడు సుప్రభాతమును ప్రాతఃకాలమున వినిపించుటకు వైద్యులు ఒప్పుకొన్నచో తెల్లవారినదని తెలియుటకు అంతకంటె మంచి గడియారము లేదు.

బయట బల్లమీద కూర్చున్నవారి భయము రోగి భయముకంటె ఎక్కువ. లోన ఏమి జరుగుచున్నదో కనబడదు. పిలుపు వచ్చువరకు చేయునది లేదు. 2020లో తిరుమలకు మార్చి 20నుండి జూన్ వరకు భక్తులు పోలేదు. జూన్ 8న సిబ్బందితో, స్థానికులతో ప్రయోగముగా దర్శనము మొదలుపెట్టి, 11వ తేదీనుండి సామాన్య భక్తులకు అనుమతించిరి. ఆ నడుమ దినములలో స్వామికి సుప్రభాతము ఆగలేదు, తోమాల ఆగలేదు, అర్చన ఆగలేదు. అన్నియు ఏకాంతముగా జరిగినవి. ఆ సంవత్సరపు బ్రహ్మోత్సవములును ఏకాంతముగానే నడచినవి. చూచువారు లేనందున సేవ లోపించినదని ఏ భక్తుడును అనలేదు. మూసిన తలుపు వెనుక శస్త్రచికిత్సాగృహమున జరుగునదియు అట్టి ఏకాంత సేవయే. అచ్చట మత్తు ఇచ్చువాడు ఒకడు, రక్తమును యంత్రముద్వారా నడుపువాడు ఒకడు, కుట్టువాడు ఒకడు, ఎవరి కైంకర్యము వారు చేయుచుందురు. బయటనున్నవాడు తలుపు సందున చూడబోక తన జపమును తాను చేసికొనవచ్చును.

వాయిదా అనునది మరొక దిగులు. శస్త్రచికిత్సకు దినము నిశ్చయమై, ఇంటివారు సెలవులు పెట్టి, రక్తదాతలను సిద్ధపరచుకొన్న తరువాత ముందునాటి పరీక్షలో కోవిడ్ ఉన్నదని తేలెడిది. అపుడు కలిగెడి నిస్పృహ ఇంతింత కాదు. వ్యాధి సోకిన కొద్దిదినములకే పెద్ద శస్త్రచికిత్స చేసినచో ఊపిరితిత్తుల చిక్కులును మరణ భయమును ఎక్కువగుట వైద్యులు గమనించి, ఆగుటకు వీలున్న శస్త్రచికిత్సలను ఏడు వారములు ఆపవలెనని 2021లో సూచించిరి. టీకాలు వచ్చి వ్యాధి తీవ్రత తగ్గిన పిమ్మట ఈ గడువును రోగి రోగికి చూచి నిర్ణయించుచున్నారు. ఆగుటకు వీలులేని గుండెపోటునకు ఈ నియమము నాడును వర్తింపలేదు. వాయిదా పడిన వారములలో రోగి చేయవలసిన పని కలదు. మాత్రలు తప్పకుండుట, పొగ మానుట, చక్కెర అదుపు, పంటి చీము ఉన్నచో చూపించుకొనుట. నొప్పి విశ్రాంతిలోనే రాసాగినను, మునుపటికంటె తరచైనను వాయిదా తేదీకై కాచుకొనరాదు, ఆనాడే పోవలెను.

పరిచారకునకు చరకుడు చెప్పిన గుణములు ఉపచారము తెలియుట, నేర్పు, రోగియందు అనురాగము, శౌచము. మన కుటుంబములలో మూడవదానికి కొరత లేదు. అనురాగము ఎక్కువై శౌచము తప్పుటయే కోవిడ్ నాళ్ళలో చూచినది. శస్త్రచికిత్స జరిగి ఇంటికి వచ్చినవానిని చూచుటకు ఊరంతయు వచ్చుట మన ఆచారము. చూడవచ్చినవాడు దగ్గుచు మంచము పట్టెపై కూర్చుండును. మడి నెరిగిన వైష్ణవ గృహములకు దూరము పాటించుట, చేతులు కడుగుట క్రొత్తగా నేర్పవలసిన పనులు కావు. వంటశాలలో పాటించు మడిని రోగి గదిలో పాటించినచో చాలును. 2023 మే 5న ప్రపంచ ఆరోగ్యసంస్థ కోవిడ్ అత్యవసర స్థితి ముగిసినదని ప్రకటించినది. కుట్టు మానని రొమ్మునకు సామాన్యమైన జలుబు దగ్గును నేటికి శత్రువే.

ప్రహ్లాదుని మూడు దృష్టాంతములలో మొదటిది శిశువు. పుట్టిన వేయిమంది శిశువులలో సుమారు ఎనిమిది తొమ్మిది మందికి గుండెలో పుట్టుకతోనే లోపముండును. పాలు త్రాగునప్పుడు నుదుట చెమట పట్టుట, బరువు పెరుగకుండుట, ఏడ్చినపుడు పెదవులు నీలమగుట దానికి గురుతులు. చిన్న రంధ్రములు కొన్ని వానంతట అవే మూసికొనును. కొన్నిటిని కాలి సిరద్వారా గొడుగువంటి పరికరము పంపి మూయుదురు. కొన్నిటికి శస్త్రచికిత్స తప్పదు. మహమ్మారి ఇంకను తొలగని 2021 అక్టోబరు 11వ తేదీన తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానము వారి శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయము ప్రారంభమైనది. రెండున్నర నెలలకు పైగా దర్శనము నిలిచిన దేవస్థానము అదే విపత్తు నడుమ చిన్నపిల్లల గుండెలకై ఒక ఆలయము తెరచుట గమనింపదగిన విషయము. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, ఆంధ్రప్రదేశమున 2024లో డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవగా పేరు మారిన పథకమున గుండె చికిత్సలు పెక్కు చేరియున్నవి. అర్హత గల కుటుంబములు వైద్యశాలలోని ఆ పథకపు కౌంటరు వద్ద విచారించి, తరువాత అప్పు మాట తలపెట్టుట మంచిది.

వ్రత నియమముల గూర్చి తరచుగా సందేహము వచ్చును. స్టెంటు వేయించుకొన్నవాడు ఏకాదశినాడు మాత్ర మింగవచ్చునా? నీరు, దుంపలు, పండ్లు, పాలు మొదలగు ఎనిమిది వస్తువులు వ్రతమును చెరుపవని భారతమున చెప్పబడినది. ఆ ఎనిమిదింటిలో గురుని మాటయు, ఔషధమును ఉన్నవి. కావున మాత్ర మింగవచ్చును, మింగవలెను. ఇన్సులిన్ వాడువారు, గుండె బలహీనపడినవారు పూర్ణోపవాసము చేయదలచినచో వైద్యుని అడుగవలెను. ప్రసాద విషయమున, ఉప్పు తగ్గింపుమన్నవానికి పులిహోర వ్రేలికొసన కన్నుల కద్దుకొని స్వీకరించిన ప్రసాదమే, దొన్నెడు తినినను ప్రసాదమే, మొదటిది మేలు. ఆవకాయకు ఈ సందేహము కూడ అక్కరలేదు, అది ప్రసాదము కాదు గనుక.

మ్రొక్కుల సంగతి మిగిలినది. గండము గడచినచో అహోబిలమున నవ నారసింహులను కాలినడకన సేవింతునని మ్రొక్కుకొన్నవారు ఇంటికి వచ్చిన నెలకే బయలుదేరుట కలదు. భవనాశిని వెంట రాళ్ళమీద జ్వాలా నృసింహుని సన్నిధికి ఎక్కుట, అచ్చటినుండి ఉగ్రస్తంభము చేరుట ఆరోగ్యవంతునికే ఆయాసకరము. తిరుమల కాలినడక మార్గమున హృద్రోగులు రావలదని దేవస్థానము వారును భక్తులను కోరియున్నారు. మ్రొక్కునకు గడువు పెట్టినది మ్రొక్కినవాడే గాని స్వామి కాదు. మొదటి యేడు దిగువ అహోబిలమున ప్రహ్లాదవరదుని సేవించి, వైద్యుడు నడువవచ్చుననిన తరువాత బస్సులో ఎగువ అహోబిలము చేరి గుహలోని స్వామిని దర్శించి, మిగిలిన సన్నిధులను ఆ పై సంవత్సరములలో ఒక్కొక్కటిగా తీర్చుకొనవచ్చును. చేతికర్ర, మాత్రల చీటి, తోడు ఒకరు – ఈ మూడును వెంట ఉండవలెను.